సబ్బు నీళ్లు

నా ఉద్యోగం నడవడం.
ఊడిమెరక నుంచి సముద్రపు గట్టు దాకా
పదకొండు కిలోమీటర్లు,
భూమి కింద గొట్టం, భూమి మీద నేను.

చేతిలో బకెట్టు, పెయింటు బ్రష్షు,
బట్టల సబ్బు కరిగిన నీళ్లు.
వాల్వు మెడకీ, బోల్టు సందుల్లోకీ రాస్తాను.
బుడగ లేస్తే కారుతున్నట్టు.
లేవకపోతే పుస్తకంలో ‘బాగుంది’ అని రాసి
పక్క వాల్వుకి పోతాను.
పద్నాలుగేళ్లు.
నా చేతిరాతలో ఆ మాట ఎన్ని వేలసార్లుందో.

వంటింటి గ్యాసుకి వాసన కలుపుతారు,
అది అమ్మేవాడి మర్యాద.
బావి దగ్గర ఆ మర్యాద లేదు.
రంగు లేకుండా, చప్పుడు లేకుండా,
కొబ్బరాకైనా కదలకుండా పైకి పోద్ది.

దాళ్వా నాట్లప్పుడు తాహిరా మేడం వచ్చింది.
గట్టు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే
లోకమంతా పరుచుకుంది.
ఆకాశంలోంచి తీసిందట.
ఎడారుల మీద పసుపు, బొగ్గు గనుల మీద ముదురెరుపు,
మంచు దేశాల గొట్టాల వెంబడి
గోరింట పెట్టినట్టు వరసగా చుక్కలు.
మన డెల్టా ఏదండీ అన్నాను.
గోదారి ఏడు పాయలూ కలిపి
ఒక వేలిగోరంత. దాని మీద మాసిన పసుపు.

“ఇక్కడే చిక్కు,” అంది.
“మీ వరి చేలూ ఇదే గాలి వదులుతాయి,
మడ అడవి బురదా వదులుతుంది.
పైనుంచి చూస్తే
ఏది చేను ఊపిరో, ఏది బావి ఊపిరో.”

నాకు నవ్వొచ్చింది.
దమ్ము చేసిన చేలో దిగితే
చీలమండ చుట్టూ బుడబుడమనేది
మా అమ్మ పరికిణీ నాటి నుంచీ ఎరుగును.
అది కాలు పెడితేనే గానీ లేవదు.
ఏడో నంబరు బావి పక్క కాలువ
ఎవరూ దిగకపోయినా మరుగుద్ది.

ఏడో నంబరు నా నడకలో లేదు.
నేను బళ్లో ఉన్నప్పుడే సిమెంటు పోసి మూసేశారు.
కంపెనీ పట్టీలో దాని ఎదురుగా సున్నా.
పిల్లకాయలు సాయంత్రాలు
అగ్గిపుల్ల గీసి నీళ్ల మీద పెడతారు,
నీళ్లు నీలంగా అంటుకుని ఆరిపోతాయి.
వలోళ్లు అటు రారు.
అందరికీ తెలుసు, పట్టీకి తప్ప.

నావలో తీసుకెళ్లాను.
వాసంశెట్టి భీమేశం గెడ వేశాడు.
డబ్బులొద్దన్నాడు,
బీడీ మాత్రం ముందే ఆర్పేశాడు.
ఆమె పెట్టెలో అంకెలు ఎక్కుతున్నంతసేపూ
ముగ్గురం మాట్లాడలేదు.
“గంటకి పదమూడు కిలోలు,” అంది చివరికి.
అంటే రెండు గంటలకో బియ్యం బస్తా.
ఇన్నేళ్లూ, రాత్రీ పగలూ,
ఎవరూ వండుకోకుండా.

వారం తిరక్కుండా సూపర్‌వైజరు పిలిచాడు.
ఆవిడికి దారి చూపిందెవరు?
కాలువండి, అన్నాను.
ఆయన నవ్వలేదు.
సొరుగులోంచి నా కాంట్రాక్టు కాగితం తీసి
చూసి, మళ్లీ లోపల పెట్టాడు.

నిన్న ఫోన్‌కి పటం పంపింది తాహిరా.
మా గోరు మీద ఇప్పుడొక చుక్క.
నొక్కితే అక్షరాలు:
మూలం, పాత బావి. బాధ్యులు, విచారణలో.
చూపినవాడి పేరు లేదు.
నేనే వద్దన్నాను.
అయినా కాసేపు వెతికాను.

తర్వాత వేలితో పటాన్ని జరిపాను,
ఎడారి దాకా, మంచు దాకా.
ఆ చుక్కల పక్కన కూడా ఎవడో ఒకడు
బకెట్టు పట్టుకుని నడుస్తుంటాడు,
వాడి భాషలో ‘బాగుంది’ అని రాస్తూ.
అంత చలిలో సబ్బు నీళ్లు గడ్డకట్టవా?
వాళ్లేం చేస్తారో, తాహిరాని అడగాలి.

తెల్లారితే నా పదకొండు కిలోమీటర్లు.
సబ్బు అరిగి రూపాయి బిళ్లంతయింది.
కంపెనీ ఇవ్వదు.
మంగాయమ్మ కొట్లో
ఇంకో బిళ్ల అరువు చెప్పాలి.